పూజలో పెట్టకముందే తీసిన మలీద

ఇంగ్లండ్‌లో పిల్లల్ని విశ్వాసంలో పెంచడం కష్టమని మావాళ్లు ఫోన్లో జాలిపడుతుంటారు. తాగుళ్లు, తిరుగుళ్లు అని వాళ్ల భయం. నాకా టెన్షన్ తక్కువే. ఇక్కడి ఇబ్బంది వేరు. దేవుడి మాట ఎత్తితే ఎవరూ గొడవపడరు, పట్టించుకోరు కూడా. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి క్రైస్తవులమని రాసుకున్నవాళ్లు 46.2 శాతం, ఏ మతమూ లేదన్నవాళ్లు 37.2 శాతం. మా అమ్మాయి క్లాసులోనైతే ఆ రెండో లెక్క ఇంకా పెద్దదే అనిపిస్తుంది. "చర్చికి వెళ్తావా? ఓకే" అంటారట. అంతే, మాట మారిపోతుంది.

హనుమకొండలో నేను పెరిగిన గల్లీలో ఎవరు ఏ దేవుణ్ణి కొలుస్తారో అందరికీ తెలుసు. పొద్దున అజాన్, సాయంత్రం గుడి మైకు, డిసెంబర్ వస్తే మా ఇంటి మీద స్టార్. "మీ చర్చిల బొట్టు పెట్టుకోనియ్యరా?" అని మొహం మీదే అడిగేవాళ్లు. జవాబు చెప్పక తప్పేది కాదు. చెప్పీ చెప్పీ నా నమ్మకమేంటో నాకే తెలిసింది. మా పిల్లల్ని అడిగేవాళ్లే లేరు.

ఓ ఏడాది వాళ్ల అక్టోబర్ సెలవులు సద్దుల బతుకమ్మకు కలిసొచ్చాయి, హనుమకొండలో అమ్మ దగ్గరికి వెళ్లాం. ఆ సాయంత్రం పక్కింటావిడ పట్టుచీరలో, చేతిలో స్టీలు డబ్బాతో గడపలోకి వచ్చింది. "అక్కా, పూజల పెట్టకముందే మీకు వేరే తీసిన" అంది. అమ్మ మూత తీసి ఇంత మలీద, అదే రొట్టె, బెల్లం కలిపి చేసే తీపి, పిల్లల చేతుల్లో పెట్టింది. ఆమె వెళ్లాక మా అమ్మాయి ఊరుకోలేదు.

"వేరే తీయకపోతే తినవా నానమ్మా?"

"ప్రసాదమైతే తినను బిడ్డా. ఆమెకెరుకే."

"ఆమె ఫీలవదా?"

"ఎందుకైతది? క్రిస్మస్‌కు మనింట్ల అరిసెలు తినిపోతది గద."

కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, 8వ అధ్యాయంలో పౌలు ఎత్తుకున్న గొడవ ఇదే: విగ్రహాలకు పెట్టింది తినొచ్చా, వద్దా అని. వరంగల్ క్రైస్తవులది దీని మీద ఒక్క మాట కాదు. మా తమ్ముడి ఇంట్లో ప్రసాదం తింటారు, అమ్మ వాళ్లనేమీ అనదు. నన్ను ఆకట్టుకుంది ఆ డబ్బా. ఎప్పుడో ఒకనాడు అమ్మ నవ్వుతూనే సంగతి చెప్పి ఉంటుంది. ఆ పక్కింటావిడ అది గుర్తుపెట్టుకుని, అంత పండగ హడావిడిలో ముందుగా మా వాటా పక్కకు తీసింది.

ఆ సెలవుల్లోనే డోర్నకల్ చర్చి చూపించాం. క్రైస్తవం తెల్లవాళ్ల మతమని మా అమ్మాయికి స్కూల్లో ఎవరో చెప్పారు. తమిళుడైన అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ సంప్రదాయపు చర్చిల్లో, తొలి భారతీయ బిషప్ ఆయనే. 1939లో ప్రతిష్ఠించిన ఆ చర్చిలో మన మండపాల పోలికా, ముస్లింల కట్టడాల పోలికా కలిసి కనిపిస్తాయి. మావాడికి మాత్రం స్టేషన్లో రైళ్లే నచ్చాయి.

మా నాన్న, బాపు, కులం సర్టిఫికెట్ సంగతి కూడా పిల్లలకు అప్పుడే చెప్పాను. ఎస్సీ కుటుంబంలో పుట్టినా క్రైస్తవుడినని రాసుకుంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా ఉండదు. మన దగ్గర బీసీ-సీ కింద వేస్తారు, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. మతం మారితే కులం పోలేదు, హోదా ఒక్కటే పోయింది. అందుకే చర్చికి వస్తూనే కాగితాల్లో హిందువులుగా ఉన్నవాళ్లు ఉన్నారు. వాళ్లను నేను తప్పుపట్టను, ఉద్యోగమంటే ఇంటిల్లిపాది అన్నం. బాపు మాత్రం బీసీ-సీ అనే రాయించాడు. "మరి మనకేం పోతోంది?" అని అడిగింది మా అమ్మాయి. నాటింగ్‌హామ్‌లో మాకు పోయేదేమీ లేదు, ఆదివారాల ఫుట్‌బాల్ తప్ప.

ఇక్కడ పిల్లల మ్యాచులు ఎక్కువగా ఆదివారం పొద్దున పెడతారు. మా తెలుగు ఆరాధన ఒక ఇంగ్లిష్ చర్చిని అద్దెకు తీసుకుని మధ్యాహ్నం మూడింటికి. మామూలుగా రెండూ కుదురుతాయి. మొన్న మా అమ్మాయి టీం సెమీఫైనల్ మధ్యాహ్నం పడింది. ఆడతావో మానతావో నీ ఇష్టం, మానితే మాత్రం "ఇంట్లో ఫంక్షన్" అని చెప్పొద్దన్నాను. తను మానేసింది, చర్చి ఉందనే చెప్పింది. కోచ్ సరేనన్నాడు. తర్వాతి వారం మ్యాచ్ సగం బెంచి మీదే కూర్చోబెట్టాడు. కారులో ఇంటికొచ్చేదాకా మాతో మాట్లాడలేదు.

రెండ్రోజులకు టీంలోని నైజీరియా అమ్మాయి, "మీదే చర్చి?" అని అడిగిందట. రెండేళ్లుగా కలిసి ఆడుతున్నారు, ఆ అమ్మాయీ ప్రతి వారం వెళ్తుందని మావాళ్లెవరికీ తెలియదు. తనూ సెమీఫైనల్ మానేసిందట, కడుపునొప్పని చెప్పి. వాళ్లిద్దరూ లేకున్నా టీం గెలిచింది. ఫైనల్ కూడా ఆదివారం మధ్యాహ్నమే. ఏం చేయాలో ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు, నన్నింకా అడగలేదు.