పరామర్శకు వచ్చిన యాపిళ్ళు

ఏప్రిల్ చివర మా ఆవిడకు మోకీలు మార్పిడి ఆపరేషన్ అయింది. ఇంటికి తీసుకొచ్చిన పది రోజుల్లో ఆమెను చూడటానికి 22 మంది వచ్చారు. వాళ్ళతో పాటు 41 యాపిళ్ళు వచ్చాయి. రైల్వే లెక్కల విభాగంలో 32 ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి, ఈ అంకెల్లో పొరపాటు ఉండదు. ఒకే ఒక్క పుణ్యాత్ముడు సపోటాలు తెచ్చాడు, అవి ఆ సాయంత్రమే అయిపోయాయి.

యాపిళ్ళు మాత్రం కదలలేదు. "అది జ్వరం వచ్చినవాళ్ళు తినే పండు, నాకు జ్వరం లేదు" అని మా ఆవిడ తేల్చేసింది. నాకు చక్కెర జబ్బు లేదు గానీ పళ్ళు లేవు, ఉన్నవి కట్టుడువి. ఫ్రిజ్‌లో కూరగాయల అర నిండిపోయి, గుడ్ల అరలోకి, అక్కడి నుంచి పెరుగు గిన్నె పక్కకి పాకాయి. చెన్నై పెరంబూరులో మాది రెండు గదుల ఇల్లు, ఫ్రిజ్ కూడా అందుకు తగ్గదే.

ఆ వారమే పెన్సిల్వేనియాలో ఉండే మా మేనకోడలు ఫోన్ చేసింది. సంగతి విని, "మామయ్యా, యాపిల్ డంప్లింగ్స్ చెయ్యి. చాలా తేలిక" అంది. డంప్లింగ్ అనగానే మోమో లాంటిదేమో, ఆవిరి మీద ఉడికించేదేమో అనుకున్నాను. కాదట. చెక్కు తీసిన యాపిల్‌లోంచి గింజల భాగం తొలిచేసి, ఆ గుంతలో వెన్న, చక్కెర, దాల్చిన చెక్క పొడి కూరి, పిండి రొట్టెలో మూటగట్టి ఓవెన్‌లో కాల్చాలి. జర్మనీ ప్రాంతాల నుంచి వెళ్ళి పెన్సిల్వేనియాలో స్థిరపడిన కుటుంబాల ఇంటి వంట అట. వాళ్ళు దాని మీద పాలు పోసుకుని తింటారట, కొందరు పొద్దున్నే ఫలహారంగా కూడా. అంటే యాపిల్‌తో పూర్ణం బూరె, నూనెలో వేయించకుండా. అలా అనుకున్నాక నాకు ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం ఆమె చెప్పిన 'తేలిక' పద్ధతి వినేదాకానే. అక్కడ దుకాణంలో డబ్బాలో చుట్టిన పిండి దొరుకుతుంది. డబ్బా తెరిచి, ముక్కోణాలుగా విడదీసి, యాపిల్ ముక్కలకు చుట్టేసి, పైన కరిగిన వెన్న, చక్కెర, చుట్టూ నిమ్మ రుచి గల శీతల పానీయం ఒక సీసా పోసి ఓవెన్‌లోకి నెట్టడమే. మా వీధిలో దొరికేది ఇడ్లీ పిండి. పానీయం సంగతి అడిగితే కిరాణా కుర్రాడు పన్నీర్ సోడా చూపించాడు. గులాబీ వాసన వేసే యాపిల్ తినే వయసు కాదు నాది. పిండి ఇంట్లోనే కలుపుకోవాలని తేలింది.

ఇక ఓవెన్. నాలుగేళ్ళ క్రితం మా అబ్బాయి కొనిచ్చిన 28 లీటర్ల ఓటీజీ ఒకటి ఉంది. అప్పటి నుంచి అందులో అప్పడాలు, వడియాలు భద్రంగా ఉన్నాయి. వాటిని ఖాళీ చేసి చూస్తే ప్లగ్గు లావుది, 16 ఆంపియర్లది. వంటింట్లో ఒక్క బెజ్జానికీ సరిపడదు. ఇంట్లో అలాంటివి రెండే, ఒకటి పడకగది ఏసీకి, రెండోది వెనక బాల్కనీలో బట్టలు ఉతికే యంత్రానికి. అందువల్ల మా బేకరీ వెనక బాల్కనీలో, సబ్బుపొడి డబ్బా పక్కన, స్టూలు మీద వెలిసింది.

మొదటి ప్రయత్నం మే రెండో వారంలో, మిట్టమధ్యాహ్నం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. దానికింకా మూడు వారాలు ఉండగానే చెన్నైలో అగ్ని నక్షత్రం మొదలవుతుంది, ఇక్కడివాళ్ళు కత్తిరి అంటారు. మా వంటింటి గోడ మీది ఉష్ణమాపకం 36 చూపిస్తోంది. వెన్న 32, 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరిగిపోతుంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలని, అంత లెక్కల మనిషినీ, నాకు తోచలేదు.

పావు కిలో మైదాలో 125 గ్రాముల వెన్న వేశాను. వేళ్ళు తగలగానే అది నూనైపోయింది. సరేలే, కజ్జికాయల పిండిలో కాచిన నెయ్యి పోస్తాం కదా అనుకున్నాను. నీళ్ళు పోసి, చిన్నప్పటి నుంచి అమ్మ చేతిలో చూసినట్టు పావుగంట సేపు మర్దించాను. ముద్ద చూడముచ్చటగా, నున్నగా, చెవి తమ్మెలా మెత్తగా వచ్చింది. పూరీకైతే బంగారం. ఆ నునుపే కొంప ముంచింది.

మైదాలో నీళ్ళు పడి పిసికేకొద్దీ గ్లూటెన్ అనే జిగురు సాగి వల అల్లుకుంటుంది. పూరీ పొంగాలన్నా, మా వీధి చివర పరోటా మాస్టరు పిండిని దుప్పటిలా గాల్లో విసరాలన్నా ఆ వలే ఆధారం. దీనికి అది పనికిరాదు. ఇందులో వెన్న కరగకుండా, కందిగింజంత పలుకులుగా పిండిలో నిలిచి ఉండాలి. వెన్నలో దాదాపు ఆరో వంతు నీళ్ళే. వేడి ఓవెన్‌లో పలుకు కరిగినప్పుడు ఆ నీరు ఆవిరై పొరను పైకి లేపుతుంది. తాపేశ్వరం మడత కాజాలో పొరలు విడిపోవడానికి మడతల మధ్య నెయ్యి, పిండి పూస్తారు. ఇక్కడ ఆ పని వెన్న పలుకులు చేయాలి. నేను పలుకులనన్నిటినీ కరిగించి, వలను బిగించి, పొరలు రాలేదేమని ఎదురుచూశాను.

ముప్పావుగంట తర్వాత బయటికి తీస్తే పైపెంకు డోలు చర్మంలా ఉంది. కత్తితో కోస్తే లోపల యాపిల్ లేదు. నిజంగానే లేదు. అడుగున కాస్త గుజ్జు, పైన ఖాళీ గుమ్మటం. మా ఆవిడ మంచం మీద నుంచే వేలితో తట్టి, ఆ చప్పుడు విని, "ఇల్లు కట్టారు గానీ అద్దెకు ఎవరూ దిగినట్టు లేదండీ" అంది.

యాపిల్ ఏమైంది? మాకు వచ్చినవాటిలో ఎక్కువ భాగం బాగా ఎర్రనివి, అడుగున బొడిపెలు ఉండే రెడ్ డెలిషస్ రకం. కొరుక్కుని తినడానికి బాగుంటుంది, వేడికి నిలవదు. పైగా మన కొండ తోటల్లో కోతలు వానాకాలంలో మొదలై శరదృతువుతో ముగుస్తాయి. మే నెలలో దొరికేవి నెలల తరబడి శీతల గిడ్డంగిలో ఉండి వచ్చినవో, ఓడెక్కి వచ్చినవో. నిల్వ ఉన్నకొద్దీ కండ పిండిపిండిగా మారుతుంది. ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1904లో మన దేశానికి వచ్చి, సిమ్లా దగ్గరి కోట్‌గఢ్‌లో స్థిరపడి, అమెరికా నుంచి ఈ రెడ్ డెలిషస్ మొక్కలు తెప్పించి నాటించిన శామ్యూల్ స్టోక్స్ సొంత ఊరు ఫిలడెల్ఫియా, అంటే ఆ పెన్సిల్వేనియాయే. తర్వాత ఖద్దరు కట్టి జైలుకు కూడా వెళ్ళాడు, ఆ పైన సత్యానంద్ అని పేరు మార్చుకున్నాడు. ఆయన తెచ్చిన పండూ, ఆయన రాష్ట్రపు వంటా మా బాల్కనీలో కలుసుకున్నాయి గానీ పొసగలేదు.

కాల్చడానికి గ్రానీ స్మిత్ మేలు, ఆ పచ్చటి పుల్లటి యాపిల్. పులుపు ఎక్కువ, కండ గట్టి, వేడికి ఆకారం నిలుస్తుంది. ఉన్న యాపిళ్ళు వదిలించుకోవడానికి బజారుకు వెళ్ళి మళ్ళీ యాపిళ్ళు కొనుక్కొచ్చాను. నాలుగు, చిన్నవి ఏరి. ఈ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండో ప్రయత్నం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి మొదలుపెట్టాను, పిండి కలుపుతుండగా కరెంటు పోయింది. ఆ ముద్దతో చపాతీలు చేసుకున్నాం. వెన్న చపాతీలు బాగానే ఉన్నాయి.

మూడోసారి ఉపాయం మా ఆవిడది. "ఇంట్లో చల్లగా ఉండే చోటు నా మంచం పక్కనే కదా, అక్కడ చెయ్యండి" అంది. పడకగదిలో ఏసీ 20 మీద పెట్టి, తలుపు మూసి, ఆమె మందుల బల్ల మీది సీసాలన్నీ కిటికీ గట్టు మీదికి మార్చి, చపాతీ పీట వేసుకున్నాను. మైదాను ముందు రోజు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టాను. వెన్నను గట్టి ఇటుకలా గడ్డ కట్టించి, కొబ్బరి కాదు గానీ క్యారెట్ తురిమే కోరుతో నేరుగా పిండిలోకి తురిమాను. ఉప్పు వెన్న కాబట్టి విడిగా ఉప్పు వేయలేదు. వేళ్ళ కొసలతో రెండు నిమిషాలు మాత్రం కలియబెట్టి, ఐసు నీళ్ళు చెంచా చెంచాగా, మొత్తం ఐదారు చెంచాలు పోశాను.

అప్పటికి అది ముద్ద కాదు, పొడి. పిసకమని నా చేతులు ఒకటే గోల. అరవై ఏళ్ళ అలవాటు మరి. మా ఆవిడ దిండుకు ఆనుకుని, పరీక్ష హాల్లో పర్యవేక్షకురాలిలా, "చేతులు తియ్యండి. చాలు. తియ్యండి అంటున్నానా" అంటూ కాపలా కాసింది. పిడికిట్లో నొక్కితే విడిపోకుండా నిలిచిందంటే చాలు. తడిబట్టలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టేశాను, అరగంట. ఆ అరగంటలో పొడి దానంతట అదే నీటిని పీల్చుకుని ముద్దయింది. నేను చేయాల్సిన పనిని నేను లేకుండానే చేసుకుంది.

ఈలోగా పాకం. అక్కడివాళ్ళు గోధుమరంగు చక్కెర వాడతారు. నేను కరుప్పట్టి, అంటే తాటి బెల్లం తీసుకున్నాను, అందులోని కాస్త పొగ వాసన యాపిల్‌కు నప్పుతుంది. 150 గ్రాములు ఒక గ్లాసు నీళ్ళలో కరిగించి వడగట్టాలి, ఇసుక తప్పకుండా ఉంటుంది. వడగట్టాక చిన్న వెన్న ముక్క, చెంచా నిమ్మరసం. దాల్చిన చెక్క పొడి వేయబోతే, "పలావు వాసన వస్తుంది, ఏలకులు వేయండి" అంది. వాదించి అర చెంచా దాల్చిన చెక్క వేశాను. ఏలకుల పొడి కూడా చిటికెడు వేశాను, ఆపరేషన్ అయిన మనిషితో ఎక్కువసేపు వాదించకూడదు.

యాపిల్ తొలచడంలో ఒక కిటుకు ఉంది. గింజల భాగాన్ని చిన్న చాకుతో, చెంచాతో పైనుంచి తీయాలి గానీ అడుగు తెగకూడదు. తెగితే లోపలి వెన్న కారి అడుగు పిండి నానిపోతుంది. చెక్కు తీసిన పండు గాలి తగిలితే నల్లబడుతుంది, నిమ్మరసం రాస్తే ఆగుతుంది.

పిండిని చపాతీకి రెండింతల మందంతో వత్తి, జానెడుకు కాస్త తక్కువ పలకలుగా నాలుగు కోశాను. మధ్యలో యాపిల్ పెట్టి, నాలుగు మూలలూ పైకి తెచ్చి అతికించాలి. మూడుసార్లు అతికిస్తే మూడుసార్లూ విచ్చుకుంది. మా ఆవిడ చెయ్యి చాచింది. పళ్ళెం ఆమె ఒళ్ళో పెట్టాను. అంచులకు తడివేలు రాసి, కజ్జికాయకు మెలిపెట్టినట్టు బొటనవేలితో నొక్కుతూ, మడుస్తూ, నిమిషానికొకటి చొప్పున మూటలు కట్టేసింది. పైన ఆవిరి పోవడానికి చాకు మొనతో చిన్న గాటు పెట్టడం మాత్రం నా వంతు. ఆమె కట్టినవాటికి నేను గాటు పెడుతుంటే చూడలేక ముఖం తిప్పుకుంది.

ఓవెన్‌ను ముందే 200 డిగ్రీల దగ్గర పావుగంట వేడి చేసి ఉంచాను. కడ్డీల ఎరుపు చూసి వేడెక్కిందని మోసపోకూడదు, లోపలి గాలి వేడెక్కడానికి ఆమాత్రం సమయం పడుతుంది. మొదటి పావుగంట అదే వేడిలో ఉంచితే పిండి బిగుస్తుంది. అప్పుడు వేడి 180కి తగ్గించి, పాకంలో సగం మూటల చుట్టూ, మీద కాదు, పోసి ఇంకో అరగంట.

ఆ అరగంటలో ఒకటి జరిగింది. మంచం దిగి నడవమని ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ బతిమాలుతుంటే హాలు దాకా కూడా రాని మనిషి, వాకర్ పట్టుకుని టకటకమంటూ వెనక బాల్కనీకి వచ్చేసింది. నా మీద అపనమ్మకం అంతటిది. ఓవెన్ అద్దంలోంచి తొంగిచూసి, "పైన మాడుతోంది, ఏదైనా కప్పండి" అని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. రేకు కాగితం కప్పాను. సరిగ్గా చెప్పింది.

చాకు మొన దింపితే యాపిల్ మెత్తగా దిగింది, మూట నిలిచే ఉంది. పది నిమిషాలు ఆగాక మిగిలిన పాకం పోసి కోశాను. పొరలు మడత కాజా అంత కాదు గానీ, కొరికితే పొడిపొడిగా రాలేటంత వచ్చాయి. పాకం పీల్చుకున్న అడుగుభాగం హల్వాలా ఉంది, నా కట్టుడు పళ్ళకు అదే నచ్చింది. పులుపు, తాటి బెల్లం, వెన్న ఉప్పు మూడూ కలిసి నాలుక మీద ఒకదాన్నొకటి తోసుకున్నాయి. చల్లటి పాలు పోసుకోవడం గురించి మా ఆవిడకు చెబితే, "పాలల్లో నిమ్మరసం పడితే విరగవూ?" అని అడిగింది. విరగలేదు. అయినా ఆమె పోసుకోలేదు. ఒకటిన్నర తింది. దాల్చిన చెక్క గురించి ఏమీ అనలేదు.

మర్నాటికి మిగిలినదాన్ని మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడి చెడుతుందని, మళ్ళీ ఓవెన్‌లోనే పది నిమిషాలు వేడి చేశాను.

ఎర్ర యాపిళ్ళను ముక్కలు కోసి, తాటి బెల్లం వేసి, పచ్చడిలా దగ్గరికి ఉడికించి రెండు సీసాలకు ఎత్తాను. వాటికి గుజ్జయిపోయే గుణం ఉన్నప్పుడు గుజ్జుగానే వాడుకోవడం మేలు. అలా 29 ఖర్చు, కుళ్ళినవి ఆరు. మిగిలినవి ఆరు.

నిన్న మూడో అంతస్తులో ఒకాయనకు కంటి శుక్లం ఆపరేషన్ అయిందని తెలిసింది. చూసి రావాలి. మా ఆవిడ ఆ ఆరింటినీ పొడిబట్టతో తుడిచి, మచ్చ ఉన్నదాన్ని అడుగుకు వేసి, సంచీలో సర్దింది.