కామా దగ్గర కోసేస్తే సరిపోదు

సీఎస్‌వీ ఫైల్ (గడుల మధ్య కామాలు పెట్టి పట్టికని రాసే టెక్స్ట్ ఫైల్) చదవడానికి లైబ్రరీ దేనికి, లైన్ తీసుకుని కామా దగ్గర స్ప్లిట్ చేస్తే అయిపోతుంది కదా అని చాలా కాలం అనుకున్నాను. రెండు లైన్ల కోడ్ రాశాను, నెలల తరబడి బాగానే పనిచేసింది. ఒకరోజు చూస్తే రేటింగ్ ఉండాల్సిన కాలమ్‌లో సగం వాక్యం కనిపించింది. ఎర్రర్ రాలేదు, ప్రోగ్రాం ఆగలేదు, డేటా మాత్రం ఒక గడి పక్కకి జరిగి డేటాబేస్‌లోకి వెళ్లిపోయింది. వెతగ్గా వెతగ్గా దొరికిన వరుస ఇది:

1042,"బాగుంది, కానీ ""స్లో""గా ఉంది",4

ఇందులో ఉన్నవి మూడే గడులు. నా స్ప్లిట్‌కి మాత్రం నాలుగు కనిపించాయి. కొటేషన్ల మధ్య ఉన్న కామా గడిని విడదీయదు, అది వాక్యంలో భాగం. లోపల పక్కపక్కనే రెండు కొటేషన్లు వస్తే ఒకటి అని అర్థం. ఇంకో సంగతి, కొటేషన్ల లోపల ఎంటర్ కూడా ఉండొచ్చు, అంటే ఒకే రికార్డు రెండు మూడు లైన్లలో పరుచుకుని ఉండొచ్చు కాబట్టి ఫైల్‌ని లైన్ లైన్‌గా చదవడమే తప్పు! ఇదంతా 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే ఇంటర్నెట్ పత్రంలో ఉంది, చాలా చిన్న డాక్యుమెంట్, కూర్చుని చదివేయొచ్చు. అప్పటికే ఈ ఫార్మాట్ దశాబ్దాలుగా వాడుకలో ఉంది, అందుకే అందరూ దాన్నే పాటిస్తారని నమ్మడానికి లేదు. దశాంశానికి కామా వాడే దేశాల నుంచి వచ్చే ఫైళ్లలో గడుల మధ్య సెమీకోలన్ ఉండడం మామూలే.

పైథాన్‌లో సీఎస్‌వీ మాడ్యూల్ 2003 నుంచీ ఉంది, ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, ఫైల్ ఓపెన్ చేసేటప్పుడు న్యూలైన్ అనే ఆప్షన్‌కి ఖాళీ స్ట్రింగ్ (అక్షరాలేవీ లేని టెక్స్ట్) ఇవ్వాలి. ఇవ్వకపోతే విండోస్‌లో వరుసకీ వరుసకీ మధ్య ఖాళీ లైన్ వస్తుంది, ఎందుకంటే వరుస చివర పెట్టాల్సిన రెండు అక్షరాలనీ మాడ్యూల్ తనే పెడుతుంది, వాటిలో రెండోదాన్ని ఓపెన్ ఫంక్షన్ మళ్లీ రెండుగా మారుస్తుంది.

ఇక తెలుగు. అక్షరాలని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో రాసిన ఫైల్‌ని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే చాలాసార్లు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే ఫైల్ మొదట్లో మూడు బైట్ల గుర్తు పడుతుంది, ఎక్సెల్ దాన్ని చూసి సరిగ్గా తెరుస్తుంది. కానీ అదే ఫైల్‌ని తిరిగి మామూలు యూటీఎఫ్-8గా చదివితే ఆ గుర్తు మొదటి కాలమ్ పేరుకి అతుక్కుని ఉండిపోతుంది. ప్రింట్ చేస్తే పేరు శుభ్రంగానే కనిపిస్తుంది, ఆ పేరుతో అడిగితే మాత్రం కీ ఎర్రర్, అంటే అలాంటి పేరే లేదంటుంది. దీని మీద నాకు ఒక మధ్యాహ్నం మొత్తం పోయింది, చివరికి ఆ పేరు పొడవు ఎంతో చూస్తే ఒక అక్షరం ఎక్కువ వచ్చింది.

పట్టికల పనికి వాడే పాండాస్ అనే పైథాన్ లైబ్రరీ వాడేవాళ్లయితే ఐడీ కాలమ్స్‌ని స్ట్రింగ్‌గానే చదవమని చెప్పండి, లేకపోతే 00714 కాస్తా 714 అయిపోతుంది.

ఇప్పుడు నా దగ్గర పది వరుసల టెస్ట్ ఫైల్ ఒకటి ఉంది. కామా, కొటేషన్, గడిలో ఎంటర్, తెలుగు, ముందు సున్నాలు, అన్నీ అందులో ఉన్నాయి. కొత్త స్క్రిప్ట్ రాసినప్పుడల్లా ఆ డేటాని రాయించి, తిరిగి చదివించి, రెండూ పోల్చి చూస్తాను. మొన్న అందులోనే ఇంకోటి బయటపడింది: విలువ లేదని చెప్పే పైథాన్ నన్ (None)నీ, ఖాళీ స్ట్రింగ్‌నీ సీఎస్‌వీ మాడ్యూల్‌లోని రైటర్ ఒకేలా రాస్తోంది, చదివాక రెండూ ఖాళీ స్ట్రింగే. నాకు ఆ తేడా కావాలి, అందుకని విలువ లేని గడుల్లో ఒక గీత రాయిస్తున్నాను, చదివేటప్పుడు దాన్ని మళ్లీ నన్‌గా మారుస్తున్నాను.