రెక్కలూపి వెళ్లిన ‘ఆగ్రా’

2024 ఏప్రిల్ 22న ముంబై రన్‌వే మీంచి ఎయిరిండియా అమ్మేసిన బోయింగ్ 747 జంబో విమానం ‘ఆగ్రా’ లేచి, రెక్కలు ఎడమకీ కుడికీ ఊపి అమెరికా దారి పట్టిన వీడియో ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది. ఆ సంస్థకు 1971లో వచ్చిన మొట్టమొదటి 747 పేరు ‘ఎంపరర్ అశోక’, దాని ప్రతి కిటికీ చుట్టూ రాజమహల్ గవాక్షంలా ఎర్రటి తోరణం గీశారు, అంత సోకు ఏ దేశపు విమానానికి ఉంది చెప్పండి! నాలుగు ఇంజిన్లకు ఇంధనం, మెయింటెనెన్స్ తడిసి మోపెడవుతుంది, రెండు ఇంజిన్లతోనే 777, 787 అంతే దూరం ఎగురుతాయి కాబట్టి లెక్క ప్రకారం అమ్మేయడం సబబే. అయినా ఈ ఒక్క విమానాన్ని పిల్లలు ఎక్కి చూసేలా ఇక్కడే మ్యూజియంగా నిలబెట్టాల్సింది.