వైజాగ్ డాబా మీద ఎండు మాంసం

మా అత్తగారిది అనంతపురం దగ్గర పల్లె. ఎండాకాలం వచ్చిందంటే వాళ్ళ మిద్దె మీద దండేనికి మాంసం పేలికలు వేలాడుతుంటాయి. ఉప్పు, పసుపు, కారం పట్టించడం, తాడుకి గుచ్చడం, ఎండకి వదిలెయ్యడం. "మూడు దినాలకి గలగలా అంటాయి, దాంట్లో ఏముంది పాపా" అంటారావిడ. నలభై డిగ్రీలు దాటే ఎండ, నోరు ఎండగట్టే పొడిగాలి ఉన్న ఊళ్ళో నిజంగానే దాంట్లో ఏమీ లేదు. మేముండేది విశాఖపట్నంలో, గోపాలపట్నం వైపు. ఇక్కడ ఏప్రిల్‌లో వడియాలు పెట్టినా సాయంత్రానికి మళ్ళీ మెత్తబడి కూర్చుంటాయి. అలాంటి చోట పచ్చి మాంసం ఎలా ఎండుతుంది?

ఆ సంగతి తెలిసినవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు. పెద్ద జాలరిపేట నుంచి మా వీధికి ఎండుచేపల గంప తెచ్చే ఆవిడని అడిగాను. గంప దించుకుని నవ్వింది.

"నెత్తళ్ళయితే సన్నం అమ్మా, ఒక్క ఎండకి అయిపోతాయి. మాంసం అలగ ఆగదు."

"మరి ఇంత ఎండ కాస్తోంది కదా అప్పా?"

"ఎండతో ఏటవుద్ది? గాలి చూసుకోవాల. మజ్జానం సముద్రం గాలి తిరిగిందంటే మేమైతే తీసీయడమే."

నాకు దారి చూపించింది ఆ మాటే. మాంసంలో ముప్పాతిక వంతు దాకా నీరే. ఆ నీటిని తీసుకోవాల్సింది గాలి. గాలే చెమ్మతో నిండి ఉంటే ఇక ఎక్కడ తీసుకుంటుంది? పైగా ఉప్పు పట్టించిన ముక్క చెమ్మని తనే లాక్కుంటుంది. నాలుగు డిగ్రీలకీ అరవై డిగ్రీలకీ మధ్య మాంసం ఎంతసేపుంటే సూక్ష్మజీవులకి అంత పండగ. అనంతపురంలో అవి పుంజుకునేలోపే ముక్క పైభాగం ఎండి గట్టిపడుతుంది. మన దగ్గర ఆ ధీమా లేదు. కాబట్టి రెండు నిర్ణయాలు తీసుకున్నాను. ఒకటి, సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య, పొద్దుటి గాలి కాస్త పొడిగా ఉండే రోజుల్లోనే చెయ్యడం. రెండు, ఎండని నమ్ముకోకుండా నిప్పుతో ఎండబెట్టడం.

కనుమ హడావిడి తగ్గాక పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాను. వెనక తొడ కావాలి, ఎముక వద్దు, కొవ్వు అస్సలు వద్దు అంటే కొట్టు కుర్రాడు కత్తి ఆపి నావైపు చూశాడు. "కొవ్వు లేకపోతే కూరకి రుచేటుంటాది మేడమ్?" కూరకైతే అతను చెప్పిందే రైటు. ఎండబెట్టడానికి మాత్రం కొవ్వు శత్రువు. నీరు పోతుంది గానీ కొవ్వు ఎండదు, నాలుగు రోజులు పోయాక ముక్కిపోయిన నూనె వాసన వస్తుంది. కండ మీద ఉండే తెల్లటి పొర కూడా తీయించాను. అది ఎండితే నమలడం ఎవరి వల్లా కాదు.

కోయడానికి ఒక చిట్కా ఉంది. కండని ఫ్రీజర్‌లో పెట్టి, పూర్తిగా రాయి కాకముందు, వేలితో నొక్కితే పైన గట్టిగా లోపల కొంచెం మెత్తగా తగిలే దశలో బయటికి తియ్యాలి. అప్పుడు కత్తి జారదు, అర సెంటీమీటరు మందంలో పేలికలు సమానంగా వస్తాయి. సమానంగా రావడం అందం కోసం కాదు. ఒకటి మందంగా ఉంటే మిగతావన్నీ ఎండిపోయినా అది లోపల పచ్చిగానే ఉంటుంది, తర్వాత సీసాలో చెమ్మంతా దాన్నించే. పీచు పొడవునా కోస్తే వేలాడదీసినప్పుడు తెగవు, కూరలో పీచుపీచుగా విడతాయి. టీతో పాటు నమలడానికైతే పీచుకి అడ్డంగా కోసుకోండి. నేను పొడవునే కోశాను, నాకు కావాల్సింది కూర.

ఉప్పు దగ్గర మాత్రం చెయ్యి వాటం పనికిరాదు. కల్లుప్పు చెంచాకీ మెత్తటి ఉప్పు చెంచాకీ బరువులో బాగా తేడా ఉంటుంది. అందుకే వంటింటి కాటా మీద తూచి, కిలో మాంసానికి పాతిక గ్రాములు వేశాను. ఎండాక కిలో కాస్తా నాలుగొందల గ్రాముల లోపుకి దిగుతుంది, ఉప్పు మాత్రం అంతే ఉంటుంది. ఇప్పుడు చప్పగా ఉందనిపించినా ఇంకో చిటికెడు వెయ్యకండి.

మసాలా పొడిగానే ఉండాలి. అల్లం వెల్లుల్లి ముద్ద వేస్తే మళ్ళీ తడే కదా. పాడేరు వైపు నుంచి వచ్చిన పసుపు, అరకు కాఫీ తోటల్లో పండే మిరియాలు, దోరగా వేయించి బరకగా దంచిన ధనియాలు, కారం, ఎండబెట్టి పొడి చేసిన వెల్లుల్లి, ఇంతే. మా వాళ్ళు గరం మసాలా ఏదీ అన్నారు. పొగ పట్టాక లవంగాలు, దాల్చినచెక్క ఘాటుగా, మందుల వాసనలా తోస్తాయి నాకు, అందుకే వెయ్యలేదు. దక్షిణాఫ్రికా వాళ్ళ ఎండు మాంసం బిల్టాంగ్‌లో కూడా ముఖ్యమైన దినుసు ధనియాలే, దానికి వెనిగర్ తోడు. ఆ ధైర్యంతో ధనియాలు ఒక గుప్పెడు ఎక్కువే వేశాను. కలిపి మూత పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను.

మర్నాడు పొద్దున్నే చేసిన పని మా అత్తగారికి ఇప్పటికీ నచ్చదు. ఎండబెట్టే ముందే ముక్కల్ని ట్రేల మీద పరిచి ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లో, వేడి చేశాను. మాంసం లోపల 71 డిగ్రీలకి చేరాలి, కోడి అయితే 74. ముందు ఎండిపోయి తర్వాత వేడి తగిలితే సూక్ష్మజీవులు మొండికేస్తాయి, తడిగా ఉన్నప్పుడైతే తేలిగ్గా చస్తాయి. అందుకే ఈ వరస. గుచ్చి చూసే థర్మామీటర్ కొనక తప్పదు, చేత్తో ముట్టుకుని చెప్పగలిగే లెక్క కాదిది. "అంతా ఉడకబెట్టేస్తే ఇంక వరుగేంది?" అన్నారు అత్తగారు ఫోన్‌లో. రంగు కాస్త మారడం నిజమే. పిల్లలున్న ఇల్లు, నేను ఒప్పుకోలేదు.

ఇక పొగ. డాబా మీద ఒక పాత ఇనప డ్రమ్ము ఉంది. ఒకప్పుడు బియ్యం పోసుకున్నది, కాబట్టి భయం లేదు. రసాయనాలో రంగులో నిలవ ఉంచిన డ్రమ్ములు ఎంత కడిగినా ఈ పనికి వాడకూడదు. కింద గాలి పోవడానికి కన్నాలు, పైన అడ్డంగా ఇనప చువ్వలు, చువ్వల ఎత్తులోనే ఒక ఓవెన్ థర్మామీటర్. నిప్పు కోసం సరుగుడు బొగ్గు. మన తీరం పొడుగునా సరుగుడు తోటలే, నిప్పు గట్టిగా నిలుస్తుంది. వాసన కోసం బాగా ఎండిన మామిడి చెక్క ముక్కలు. వడ్రంగి దగ్గర తెచ్చుకుంటే ప్లైవుడ్, పాలిష్ పట్టినవి ఏరి అవతల పారెయ్యాలి. కొబ్బరి పీచు బాగా పొగొస్తుంది గానీ గొంతు పట్టే చేదు పొగ అది. జీడిపిక్కల తొక్కు మాత్రం పొరపాటున కూడా వద్దు. అందులో చర్మాన్ని పొక్కించే నూనె ఉంటుంది, ఆ పొగ కళ్ళకీ ఊపిరికీ మంచిది కాదు.

ముక్క పైతడి ఆరి, వేలికి కొంచెం జిగటగా తగిలినప్పుడు పొగలోకి దింపాలి. నీరు కారుతుంటే మసి చారలు చారలుగా అంటుకుంటుంది. పొగ కూడా దట్టంగా తెల్లగా సుడులు తిరుగుతుంటే మాంసం చేదెక్కుతుంది. చెక్క సరిగ్గా మండక కుములుతోందన్నమాట. కింద కన్నాలు ఇంకాస్త తెరిస్తే పొగ పలచబడి, వెలుగులో చూస్తే లేత నీలంగా, ఉందా లేదా అన్నట్టు కనిపిస్తుంది. అదీ కావలసిన పొగ. ఆ తర్వాత రోజంతా పని ఒక్కటే, చువ్వల దగ్గర వేడి అరవైకి తగ్గకుండా, డెబ్భై దాటకుండా చూసుకోవడం. మూత పూర్తిగా వెయ్యకుండా రెండు వేళ్ళ సందు వదలాలి. మాంసంలోంచి వచ్చిన ఆవిరి బయటికి పోకపోతే డ్రమ్ములో కూడా మన ఊరి ఉక్కపోతే.

మధ్యాహ్నం పక్కింటి పిన్నిగారు పిట్టగోడ దగ్గరికొచ్చి "ఏటమ్మా, డాబా మీద పొయ్యెట్టీసేవు?" అన్నారు. ఆవిడ శనివారాలు నీచు ముట్టరు. ఆ రోజు శనివారం కాదు కాబట్టి బతికిపోయాను. కాకులు పిట్టగోడ మీద వరసగా కూర్చున్నాయి, పైన ఒక గద్ద చక్కర్లు. మూత తీసినప్పుడల్లా ఒక చేతిలో కర్ర ఉండాల్సిందే. ఈ తతంగం అపార్ట్‌మెంట్‌లో అయితే అసోసియేషన్ వాళ్ళు ఊరుకోరు, వాళ్ళకి ఓటీజీయే గతి. పొగ వాసన రాదు గానీ ఎండడం మాత్రం ఎండుతుంది.

సాయంత్రానికి ముక్కలు ముదురు గోధుమ రంగుకి వచ్చాయి. చల్లారిన ముక్కని వంచి చూడాలి, వేడి మీద అన్నీ మెత్తగానే ఉంటాయి. వంగి, పైన పగుళ్ళిచ్చి, విరగకుండా తెల్లటి పీచు కనిపిస్తే అయినట్టు. వంచిన చోట తడి మెరిస్తే ఇంకా కాలేదు. మందంగా ఉన్న కొన్ని అలాగే తేలాయి. వాటిని రాత్రి బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున మళ్ళీ డ్రమ్ములోకి ఎక్కించాను.

గాజు సీసాలో పోశాక కూడా టెన్షన్ పోలేదు. రోజూ సీసా కుదపడం, లోపలి గోడకి చెమ్మ పట్టిందేమో చూడటం. పట్టితే మళ్ళీ వేడి మీదకే. బూజు కనిపిస్తే తుడిచి తినడాలు ఉండవు, మొత్తం పారెయ్యడమే. అనంతపురంలో ఏడాది పొడుగునా అటక మీద ఉంటుంది. నేను అంత సాహసం చెయ్యను, వారానికి సరిపడా ఫ్రిజ్‌లో, మిగతాది ఫ్రీజర్‌లో.

అరకు బొంగు చికెన్ లాంటిదేనా అని చాలామంది అడుగుతారు. అది దీనికి సరిగ్గా ఎదురు. పచ్చి బొంగులో ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పుతుంటే కోడి తన ఊటలోనే మగ్గుతుంది, చుక్క నీరు బయటికి పోదు. అలాంటి రసం కావాలంటే అరకు వెళ్ళి తినండి. ఇంట్లో కుదిరేది బొగ్గుల మీద కాల్చడం. డ్రమ్ములో మిగిలిన నిప్పు మీద, అదే మసాలాకి పెరుగు కలిపిన కోడి తొడలు కాల్చాను. ఎండు మాంసం అయ్యేదాకా ఆగలేని మా పిల్లలకి ఆ రోజు అదే భోజనం.

ఎండు మాంసాన్ని మాత్రం వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, రోట్లో ఒక దెబ్బ వేసి పీచు విడదీసి, ఉల్లిపాయ, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లితో నూనెలో వేయించాను. నానబెట్టిన నీళ్ళు పారబొయ్యకుండా గోంగూరలో పోశాను, కూరలో విడిగా ఉప్పు వెయ్యాల్సిన పని లేకపోయింది. వేపుడు నంజుకుంటూ చోడి (రాగి) అంబలి తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి వెయ్యదు. మా ఆయన మాత్రం అంబలి పక్కకి నెట్టి, వేడన్నం పెట్టించుకున్నారు.