గెస్ట్ యాక్సెస్ వద్దు, ఒక యూజర్‌ను పెట్టుకోండి

విండోస్, లినక్స్, మ్యాక్ మూడూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే ఫైళ్ల కోసం పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరగక్కర్లేదు, ఎందుకంటే మూడింటికీ నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ అనే ప్రోటోకాల్ వచ్చు. విండోస్‌లో అది ముందునుంచీ ఉంది. ఆపిల్ 2013లో మావెరిక్స్‌తో తన సొంత ఫైల్ షేరింగ్ పద్ధతి ఏఎఫ్‌పీని పక్కనపెట్టి ఎస్‌ఎంబీ2ను డిఫాల్ట్ చేసుకుంది. లినక్స్‌కి ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో మొదలుపెట్టిన సాంబా అనే ఎస్‌ఎంబీ సాఫ్ట్‌వేర్ ఉంది.

చిక్కంతా "యాక్సెస్ డినైడ్" దగ్గరే. అది కనిపించగానే ఎవరో ఒకరు గెస్ట్ యాక్సెస్ (పాస్‌వర్డ్ లేకుండానే ఎవరినైనా రానివ్వడం) తెరిచెయ్యమంటారు, అప్పటికీ కుదరకపోతే పాత వెర్షన్ ఎస్‌ఎంబీ1 ఆన్ చెయ్యమంటారు. దయచేసి రెండూ చేయకండి. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది ఎస్‌ఎంబీ1లో ఉన్న లోపం పట్టుకునే. ఆ ఏడాది చివర్లో వచ్చిన అప్‌డేట్ నుంచి మైక్రోసాఫ్ట్ విండోస్ 10లో దాన్ని తీసేస్తూ వచ్చింది. గెస్ట్ సంగతీ అంతే, విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అప్‌డేట్ నుంచి పాస్‌వర్డ్ లేని షేర్‌కి (నెట్‌వర్క్‌లో పంచిన ఫోల్డర్‌కి) డిఫాల్ట్‌గా కనెక్ట్ అవ్వనివ్వదు.

షేరింగ్ కోసమే ఒక యూజర్‌ని పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. లినక్స్‌లో యూజర్‌ని సృష్టించాక ఆగిపోకూడదు, సాంబా తన పాస్‌వర్డ్‌లను వేరుగా దాచుకుంటుంది కాబట్టి ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యుడీ కమాండ్‌తో దానికీ ఒకటి ఇవ్వాలి. సాంబా కాన్ఫిగ్ ఫైల్ మార్చిన ప్రతిసారీ టెస్ట్‌పార్మ్ అనే కమాండ్ నడిపి చూడండి, తప్పు ఎక్కడుందో చెప్తుంది. విండోస్ వైపు షేర్ చేస్తుంటే పిన్ పనికిరాదు, అది ఆ మెషీన్ వరకే, నెట్‌వర్క్ మీద అసలు అకౌంట్ పాస్‌వర్డే అడుగుతుంది. అందుకే అక్కడ కూడా విడిగా ఒక లోకల్ అకౌంట్ తెరవడం నాకు నచ్చిన పద్ధతి.

లాగిన్ అయ్యాక కూడా రాయనివ్వకపోతే గుర్తుంచుకోవాల్సింది, ఇక్కడ రెండు తలుపులున్నాయి. షేర్‌కి ఇచ్చిన పర్మిషన్ ఒకటి, ఫోల్డర్‌కి డిస్క్ మీద ఉన్న పర్మిషన్ ఇంకొకటి, ఏది గట్టిగా ఉంటే అదే చెల్లుతుంది. సాంబాలో రైటబుల్ అని రాసినా ఆ ఫోల్డర్ రూట్ (లినక్స్ అడ్మిన్ యూజర్) పేరు మీద ఉంటే ఫైల్ పడదు.

నెట్‌వర్క్ లిస్ట్‌లో మెషీన్ కనబడలేదని కంగారు పడొద్దు. కనబడటం వేరు, కనెక్ట్ అవ్వడం వేరు. ఎక్స్‌ప్లోరర్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి ఐపీ అడ్రస్, షేర్ పేరు కొట్టండి, మ్యాక్‌లో అయితే ఫైండర్ తెరిచి కమాండ్, కె నొక్కండి. అలా తెరుచుకుంటే షేర్ బాగానే ఉన్నట్టు. లిస్ట్‌లో కూడా రావాలంటే లినక్స్ మెషీన్‌లో డబ్ల్యుఎస్‌డీడీ అనే చిన్న సర్వీస్ వేస్తే సరిపోతుంది. రౌటర్‌లో ఆ మెషీన్‌కి ఐపీ మారకుండా రిజర్వ్ చేయండి, కానీ ఎస్‌ఎంబీ వాడే పోర్ట్ 445ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ బయటి ఇంటర్నెట్‌కి తెరవకండి.

ఫైల్ పేర్లలో కోలన్, ప్రశ్నార్థకం వాడకండి, లినక్స్ ఒప్పుకున్నా విండోస్ ఒప్పుకోదు. ఇక లినక్స్ నుంచి విండోస్ షేర్‌ని మౌంట్ చేసేవాళ్లు (అంటే తమ ఫోల్డర్‌లా తగిలించుకునేవాళ్లు) పాస్‌వర్డ్‌ని నేరుగా ఎఫ్‌స్టాబ్‌లో, అంటే ఏవి మౌంట్ చేయాలో రాసే ఫైల్‌లో రాయొద్దు, దాన్ని మెషీన్‌లోని ఏ యూజర్ అయినా చదవగలడు. రూట్ మాత్రమే చదవగలిగే విడి ఫైల్‌లో పెట్టి, క్రెడెన్షియల్స్ ఆప్షన్‌తో దాన్ని చూపించండి, పక్కనే మీ యూఐడీ (యూజర్ నంబర్) కూడా ఇవ్వండి, లేకపోతే ఫైళ్లన్నీ రూట్‌వే అన్నట్టు కనిపిస్తాయి.