నాన్నగారి బ్లాకులు చేతికి రావడానికి పడ్డ పాట్లు

నాన్నగారి క్యాన్సర్ కణజాలం మీద చేయించిన పరీక్షల రిపోర్టు నిన్ననే వచ్చింది. టెన్షన్ తగ్గింది కానీ కోపం తగ్గలేదు. ఆ కోపం ఉండగానే రాస్తున్నాను.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలాక, సిటీలో ఓ పెద్ద ఆసుపత్రిలో గ్రంథి మొత్తం తీసేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. సర్జన్ మంచివారు.

తర్వాత వచ్చిన బయాప్సీ రిపోర్టే మాకు నిద్ర లేకుండా చేసింది. క్యాన్సర్ ఎంత తీవ్రమైందో చెప్పే గ్లీసన్ స్కోరు 4+3, క్యాన్సర్ గ్రంథి దాటి బయటికి వచ్చింది, ఒకచోట మార్జిన్ పాజిటివ్. అంటే కోసిన అంచు దాకా క్యాన్సర్ కణాలున్నాయని. ఇప్పుడే రేడియేషన్ ఇప్పించమని ఒక డాక్టరు, పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ తిరగబెడుతోందా అని చూసే రక్త పరీక్ష) చూసుకుంటూ ఆగమని ఇంకొకరు. చివరికి హైదరాబాద్ వెళ్తే అక్కడి పెద్దాయన ఫైలు తిరగేసి, "బ్లాకులు తెచ్చారా?" అని అడిగారు.

తీసిన గ్రంథిని ఫార్మలిన్‌లో ఉంచి, ముక్కలు కోసి, మైనంలో పోత పోస్తారు. అవే బ్లాకులు. వాటి నుంచి వెంట్రుక కన్నా పల్చటి పొరలు తీసి, స్లైడ్లు అనే గాజు పలకల మీద పరిచి పరీక్ష చేస్తారు. క్యాన్సర్‌ని అదుపులో ఉంచే పీటెన్ అనే ప్రోటీన్ కణాల్లో ఉందా, పోయిందా? కేఐ-67 అనే ప్రోటీన్ ఎంత శాతం కణాల్లో కనిపిస్తోంది, అంటే కణాలు ఎంత జోరుగా విభజన చెందుతున్నాయి? పీటెన్ పోయినా, కేఐ-67 ఎక్కువగా ఉన్నా జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. డెసిఫర్ అని 22 జన్యువుల పరీక్ష కూడా ఉంది. 0 నుంచి 1 లోపు స్కోరు ఇస్తారు, 0.6 దాటితే ప్రమాదం ఎక్కువని లెక్క. దానికీ ఈ కణజాలమే ఆధారం.

ఇక ఆపరేషన్ చేసిన ఆసుపత్రి కౌంటరు సంగతి. బ్లాకుల కోసం నాన్నగారి ఉత్తరం, ఆధార్ ఇచ్చినా ఒప్పుకోలేదు, పేషెంటే రావాలన్నారు. నాన్నగారికి అప్పటికింకా మూత్రం ఆగడం లేదు. కారులో చించినాడ వంతెన దాటి పాలకొల్లు చేరేలోపే ప్యాడ్ మార్చాల్సి వచ్చింది. అంత కష్టపడి వెళ్తే కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండా, "ఏం ఆపరేషన్ తాతా? గట్టిగా చెప్పు, వినపడట్లా" అన్నాడు. లైనంతా వింటోంది. ఊళ్లో మూడు తరాలకి పాఠాలు చెప్పిన మనిషి ఆయన. ఎవరూ ఆయన్ని నువ్వు అనరు. "ప్రోస్టేట్ అండి" అన్నారు మెల్లగా. "అయితే మూత్రం కారుతోందా?" అని మళ్లీ అరిచాడు.

బ్లాకులు బయటి ల్యాబులో ఉన్నాయని ఒకసారి, అవి ఆసుపత్రి ఆస్తి, స్లైడ్లు పట్టుకెళ్లమని ఇంకోసారి, సర్జన్ లెటర్ కావాలని మరోసారి. లెటర్ తెచ్చేసరికి భోజనాల వేళ. పంచె తడిసిందని కండువా ఒళ్లో కప్పుకుని నాన్నగారు ఆ కుర్చీలోనే కూర్చున్నారు. ఆ కుర్రాడికి జీతమిచ్చే యాజమాన్యం సిగ్గుపడాలి. జబ్బు మనిషి పరువు తీసే హక్కు వాళ్లకెవరిచ్చారు?

దాళ్వాకి (రెండో పంట వరికి) కాలవ నీళ్ల కోసం ఇరిగేషన్ ఆఫీసులో పట్టుబట్టి పని చేయించుకున్నవాణ్ణి నేను. అక్కడే తెల్లకాగితం మీద ఫిర్యాదు రాసి, అందినట్టు స్టాంపు పడేదాకా కదల్లేదు. అప్పుడు ల్యాబు నుంచి ఒకమ్మాయి వచ్చి నంబరు చూసుకుని, కాసేపట్లో బ్లాకులు తెచ్చిచ్చింది. అదే భవనంలో, కింది అంతస్తులోనే ఉన్నాయి! ఆ తల్లి చల్లగా ఉండాలి.

మీకూ ఇలాంటి అవసరం పడితే డిశ్చార్జి రోజునే బ్లాకుల కోసం రాతపూర్వకంగా అడగండి. రంగు వేసిన స్లైడ్లతో సరిపెట్టుకోవద్దు. క్యాన్సర్ ఎక్కువగా ఉన్న బ్లాకు ఏదో పెథాలజిస్టుని (కణజాలం పరీక్షించే డాక్టరుని) అడిగి ఆ నంబరు రాయించుకోండి. మైనం కదా, ఎండలో ఆపిన కారులో వదిలేయకండి.

ఇక నిన్న వచ్చిన రిపోర్టులో పీటెన్ ఉంది, కేఐ-67 తక్కువే. పీఎస్ఏ 0.1 లోపే ఉంది. ఇప్పటికి రేడియేషన్ వద్దు, మూడు నెలలకోసారి పీఎస్ఏ చూద్దాం, పెరగడం మొదలైతే 0.2 దాకా రాకముందే ఆలోచిద్దాం అన్నారు డాక్టరు గారు. నిర్ణయం మారేటట్టుంటేనే డెసిఫర్‌కి ఖర్చు పెట్టమన్నారు. పీఎస్ఏ ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించమన్నారు కాబట్టి అమలాపురంలో ఒకటి ఖాయం చేసుకున్నాం. ఆ కౌంటరు ముందుకి మాత్రం నాన్నగారిని మళ్లీ తీసుకెళ్లను.