కారణం గడిలో ఏం రాయాలి?

వారాంతం పరీక్షలో పేపరు చేతికి రాగానే మా అమ్మాయికి గుండెదడ, వేళ్లకు తిమ్మిర్లు, ఊపిరాడనట్టు అవడం. ఇంటర్ రెండో ఏడు, విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీ. దసరా సెలవుల్లో ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష చేయిస్తే అన్నీ బాగానే ఉన్నాయి. సైకియాట్రిస్టుకి చూపించమన్నారు. అపాయింట్‌మెంట్ దొరికింది. దొరకనిది కాలేజీ దాటి బయటికి వెళ్లనిచ్చే చీటీ, అవుట్‌పాసే.

ఆఫీసు బయట బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక ఇన్‌ఛార్జి గారు దాని ర్యాంకు తీసి కంప్యూటరు నావైపు తిప్పారు. "మార్కులు తగ్గితే ఆడపిల్లలు ఇలాగే చేస్తారండీ. మీరు గారాబం చేసేకొద్దీ నాటకాలు ఎక్కువవుతాయి." పిల్ల పక్కనే ఉంది. తలొంచుకుని చున్నీ అంచు వేలికి చుట్టుకుంటోంది. ఫీజు కట్టిన రోజు ఇదే గదిలో నాకు కాఫీ ఇచ్చారు!

డాక్టరు చీటీ చూపిస్తే పెన్ను తీశారు. కారణం గడి దగ్గర చెయ్యి ఆగింది. సైకియాట్రీ అని రాస్తే కాలేజీకి చెడ్డపేరట. "జ్వరం అని రాస్తాను, సంతకం పెట్టండి" అన్నారు. పెట్టనన్నాను. ఆర్టీసీలో కండక్టరుగా చేసినవాణ్ణి, గద్దింపులకు బెదరను. చివరికి గడి ఖాళీగా వదిలి ముద్ర కొట్టారు.

ఆస్పత్రిలో అరగంట పని. మందులు ఇప్పుడే వద్దన్నారు. భయంతో గబగబా ఊపిరి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయట. ఆ ఉధృతి మామూలుగా 10 నిమిషాల్లో పతాక స్థాయికి వెళ్లి దిగిపోతుందని కౌన్సెలర్ దానికే చెప్పారు, నాకు కాదు. పరీక్ష ఎగ్గొడితే ఆ పూటకి హాయే గానీ భయం ముదురుతుందట. అందుకని ముందు ఖాళీ హాల్లో ఊరికే కూర్చోవాలి, తర్వాత పాత పేపరు టైము చూడకుండా రాయాలి, ఆ తర్వాతే గడియారం పెట్టుకోవాలి. దడ మొదలైతే ఊపిరి నెమ్మదిగా బయటికి వదులుతూ కూర్చోవాలి, లేచి రాకూడదు.

పిల్లల ముందు పక్కింటివాళ్ల ర్యాంకులు మాట్లాడకండి. మా బావగారు తాయెత్తు తెచ్చారు, పుచ్చుకుని బీరువాలో పడేశాను. ఆస్పత్రి దూరమైతే టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, 14416కి ఫోన్ చేయండి. 2022లో కేంద్రం పెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రిపూటైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

మొన్న పరీక్షలో దడ వచ్చినా లేవలేదట, మిగతా లెక్కలు చేసిందట. వచ్చే వారం మళ్లీ వెళ్లాలి. ఈసారి అవుట్‌పాస్ అడిగే ఉత్తరం రెండు కాపీలు పట్టుకెళ్తున్నాను, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకునే కదులుతాను.